ఓర్పు ఎవరికి చెప్పవలసిన పాఠం? యోరుబా సినిమాల్లోని కాపురాలు

నైజీరియా నైరుతి ప్రాంతంలో ఉండే యోరుబా వారి సంప్రదాయ వివాహంలో వరుడు తన స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చి, వధువు తల్లిదండ్రుల ముందు నేల మీద బోర్లా పడి సాష్టాంగ నమస్కారం చేస్తాడు. ఒక్కసారి చేస్తే సరిపోదు. వేడుకను నడిపించడానికి ‘అలగా’ అనే మాటకారి స్త్రీ ఒకామె ఉంటుంది. ఆ మొక్కు తమకు చాలలేదని ఆమె చమత్కరిస్తూ వాళ్ళను లేపి మళ్ళీ పడుకోబెడుతుంది, పాట అందుకుంటుంది, మధ్య మధ్య డబ్బు వసూలు చేస్తుంది. తేనె, ఉప్పు, కోలా కాయలు ఒక్కొక్కటే చూపించి, వాటికి తగిన దీవెనలు పలుకుతారు. యోరుబా కుటుంబ కథాచిత్రాలు ఈ ఘట్టాన్ని తీరిగ్గా, సంబరంగా చూపిస్తాయి. అయితే వాటిలో చాలావరకు, ఈ మొక్కు తరువాత ఆ మగవాడు మళ్ళీ నేలను తాకేది ఆఖరి పది నిమిషాల్లోనే. అప్పుడు అతను పడేది తాను గెంటేసిన భార్య కాళ్ళ ముందు.

ఆ రెండు సాష్టాంగాల నడుమ గడిచే కాలం గురించే నేను మాట్లాడదలచుకున్నాను. ఆ కాలమంతా మోకాళ్ళ మీద ఉండేది భార్య. భర్తకు భోజనం పెట్టేటప్పుడు మోకరిల్లుతుంది, అత్తగారికి దండం పెట్టేటప్పుడు మోకరిల్లుతుంది, తాను చెయ్యని తప్పుకు క్షమాపణ అడిగేటప్పుడు కూడా మోకరిల్లుతుంది. ఆమె ఎంత ఓర్చుకుంటే అంత పెద్ద ఫలం దక్కుతుందని కథ మాట ఇస్తుంది, చివర్లో ఆ మాట నిలబెట్టుకుంటుంది కూడా. ఇంగ్లీషు ఉపశీర్షికల సాయంతో కొన్నేళ్ళుగా ఈ సినిమాలను ఇష్టపడి చూస్తున్నాను. సామెత మీద సామెత దొర్లే సంభాషణలన్నా, జరగబోయే కథను ముందే పాడి చెప్పే నేపథ్యగీతాలన్నా, కన్నీటిని దాచుకోని నటనన్నా నాకు ప్రాణం. ఆ ఇష్టంతోనే అంటున్నాను: ఓర్పు అనే గొప్ప విలువను ఈ సినిమాలు తప్పు మనిషికి బోధిస్తున్నాయి. యోరుబా వారి ప్రాచీన వాఙ్మయం దాన్ని ఎవరికి చెప్పిందో చూస్తే ఈ మాట నాకు మరింత నిజమనిపిస్తుంది.

కథ చాలాసార్లు ఒకే దారిలో నడుస్తుంది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు పుట్టరు. పల్లె నుంచి అత్తగారు సంచీ పట్టుకుని దిగుతుంది, మనవడు ఎక్కడని అడుగుతుంది, కొన్నాళ్ళకు ఆ ప్రశ్న తిట్టుగా మారుతుంది. ఇంట్లోకి సవతి వస్తుంది. సవతి చేతిలో డబ్బో, గర్భమో, నాటు మందో ఉంటుంది. పెద్ద భార్య పుట్టింటికి వెళ్ళి తల్లి ఒడిలో తల పెట్టుకుని ఏడిస్తే, ఆ తల్లి కన్నీళ్ళు తుడిచి ‘ఇలె ఒకో, ఇలె ఎకో’ అని సామెత చెబుతుంది. భర్త ఇల్లే చదువుల బడి అని దాని భావం. కూతురు వచ్చిన దారినే వెనక్కి వెళుతుంది.

ఇటువంటి సినిమాల్లో పదే పదే కనిపించే ఒక దృశ్యం ఉంది. భార్య పళ్ళెం తెస్తుంది. అందులో పెండలం పిండితో చేసిన అమలా ముద్ద, పక్కన ఎవెడు ఆకుకూర పులుసు, చేతులు కడుక్కోవడానికి గిన్నెలో నీళ్ళు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె అందిస్తుంది. అతను వేళ్ళు తడుపుకుంటుండగా ఫోను మోగుతుంది. తెర మీద పేరు చూసి, తడి చేతులను తువ్వాలుకు తుడుచుకుని, ఒక్క మాటైనా చెప్పకుండా లేచి వెళ్ళిపోతాడు. కెమెరా అతని వెనక వెళ్ళదు. ఆమె మూత తిరిగి పెట్టడం చూపిస్తుంది, మూత పెట్టాక కూడా లేవకపోవడం చూపిస్తుంది. ఆ క్షణంలో సినిమా ఎవరి పక్షాన ఉందో సందేహం అక్కర్లేదు. తప్పు అతనిదని మనకు తెలుసు, దర్శకుడికీ తెలుసు, ఆ నటికి మరీ బాగా తెలుసు. ఇంత తెలిసిన సినిమా, తరువాతి దృశ్యంలో పాస్టరునో, అల్ఫా అనే ముస్లిం మతగురువునో తీసుకువచ్చి, దిద్దుకోవలసిన వాణ్ణి వదిలేసి ఆమెకు ఓర్పు బోధించడమే నాకు మింగుడు పడదు. క్రైస్తవమూ ఇస్లామూ ఒకే కుటుంబంలో పక్కపక్కనే బతికే సమాజం అది. బోధించే ఆయన ఏ మతం వాడైనా బోధ మాత్రం మారదు.

ఇంకొక మలుపు కూడా ఈ సినిమాలకు బాగా అలవాటు. చివరకు ఆస్పత్రి నివేదిక వస్తుంది. లోపం భర్తలోనే ఉందని తేలుతుంది. సవతి కన్న బిడ్డ అతని బిడ్డ కాదని బయటపడుతుంది. అంటే తనను ఒక్కసారి కూడా పరీక్షించుకోని మగవాడి అహంకారమే ఈ కథలో అసలు దోషం. దీని నుంచి సహజంగా వచ్చే నీతి ఒక్కటే: ముందు నువ్వు పరీక్ష చేయించుకో, తరువాత మాట్లాడు. కానీ నేపథ్యగీతం ఆ నీతిని పాడదు. ఓర్చుకున్న దానికి దేవుడు ఫలమిచ్చాడని పాడుతుంది. కథ ఒకటి నిరూపిస్తే పాట వేరొకటి ప్రకటిస్తుంది.

దీనికి వ్యాపార కారణం కూడా ఉందని నాకనిపిస్తుంది. 1990ల నుంచి ఈ సినిమాలు లాగోస్‌లోని ఇడుమోటా మార్కెట్టులో మొదట వీడియో క్యాసెట్లుగా, తరువాత డిస్కులుగా అమ్ముడుపోయాయి. ఒకే కథను మొదటి భాగం, రెండో భాగం అని విడగొట్టి అమ్మడం ఆనవాయితీ అయింది. ఆమెను ఇంటి నుంచి గెంటేసే చోట మొదటి భాగం ఆగుతుంది. న్యాయం రెండో భాగంలో జరుగుతుంది. ఆమె మొదటి అరగంటలోనే తన పెట్టె సర్దుకుని, మార్కెట్టులో దుకాణం తెరిచి, హాయిగా బతకడం మొదలుపెడితే రెండో భాగం కొనేవాడు ఉండడు. ఇప్పుడు డిస్కులు పోయి యూట్యూబు వచ్చినా, కథను సాగదీసే పద్ధతి అలాగే మిగిలింది. భార్య ఓర్పు అక్కడ కథకు పెట్టుబడి. అది తరిగితే నిడివి తరుగుతుంది.

అయితే దోషమంతా మార్కెట్టుదే అనలేము. ఈ సినిమా పుట్టింది సంచార నాటక సమాజాల నుంచి. హ్యూబర్ట్ ఓగుండే 1945లో తన బృందాన్ని స్థాపించి, యోరుబా నాటకాన్ని చర్చి ఆవరణ నుంచి ఊరూరి వేదికల మీదికి తెచ్చాడు. 1976లో వచ్చిన ‘అజాని ఓగున్’ తొలి యోరుబా భాషా చలనచిత్రం. ఆ తరువాత ఓగుండే కూడా సినిమాలు తీశాడు. నాటకాల్లో ఆడవాళ్ళకు గౌరవం లేని ఆ రోజుల్లో, నటీమణులు బృందాన్ని వదిలిపోకుండా ఉండేందుకు ఆయన వాళ్ళలో చాలామందిని పెళ్ళాడాడు. వేదిక మీద కలిసి నటించిన ఆ స్త్రీలు ఇంట్లో ఒకరికొకరు సవతులు. సవతుల పోరు ఈ కళారూపానికి ఎందుకు అంత దగ్గరి వస్తువైందో ఈ ఒక్క సంగతి చాలావరకు చెబుతుంది. ఓషోగ్బో పట్టణానికి చెందిన ఓయిన్ అడెజోబి నాటక బృందం టెలివిజన్‌లో ‘కోటు అషిపా’ అనే ధారావాహికలో పెద్దల న్యాయస్థానాన్నే రంగస్థలం చేసింది. ఇంటి గొడవను సభలో పెట్టి, పెద్దల చేత తీర్పు చెప్పించి, ప్రేక్షకులకు బుద్ధి చెప్పి పంపడం అప్పటి నుంచీ ఉన్నదే.

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే బలమైన మాట ఒకటుంది. అడెజోబి బృందంతో ఏళ్ళ తరబడి తిరిగి, వాళ్ళతో నటించి, వాళ్ళ గురించి రాసిన పరిశోధకురాలు కారిన్ బార్బర్, యోరుబా ప్రేక్షకులు నాటకం నుంచి పాఠాన్ని తామే ఏరుకుంటారని చూపించింది. వేదిక ఒకటి చెబితే, ఎవరి జీవితానికి పనికివచ్చేది వారు పట్టుకుపోతారు. ఇది నిజమేనని నాకూ తెలుసు. యోరుబా నగరమైన ఇబాదాన్ నుంచి వచ్చిన నా సహోద్యోగిని ఒకామె చెప్పిన సంగతి: బట్టల దుకాణం నడిపే వాళ్ళమ్మ బేరాల మధ్య ఈ సినిమాలు చూస్తూ, భర్త కాళ్ళ మీద పడే ఘట్టం రాగానే, ‘ముందు దాని డబ్బు దానికిమ్మనండి’ అని తెర వైపు చూసి అరిచేదట. ఆ తల్లి వంటి ప్రేక్షకురాలికి ఏ సినిమా పాఠమూ అపకారం చెయ్యలేదు. కానీ అందరికీ సొంత దుకాణం ఉండదు. పాఠం ఏరుకునే స్వేచ్ఛ చేతిలో ఉన్న డబ్బును బట్టి, వెనక ఉన్న పుట్టింటిని బట్టి ఉంటుంది. ఏమీ లేని అమ్మాయికి, తల్లి నోటా పాస్టరు నోటా సినిమా పాట నోటా ఒకే మాట వినిపిస్తుంటే ఏరుకోవడానికి ఇంకేం మిగులుతుంది?

యోరుబా స్త్రీ చరిత్ర ఈ సినిమాలు చూపించేంత అణకువ చరిత్ర కాదు. మార్కెట్టు ఆమెది. భర్త సంపాదన భర్తది, ఆమె సంపాదన ఆమెది అన్నది అక్కడ పాత అలవాటు. అబెయోకుటా అనే యోరుబా నగరంలో ఫున్మిలాయో రాన్సమ్ కుటి నాయకత్వంలో మార్కెట్టు స్త్రీలు పన్నులకు ఎదురు తిరిగి ఉద్యమం చేస్తే, 1949లో ‘అలాకె’ అనే బిరుదున్న అక్కడి రాజు గద్దె దిగవలసి వచ్చింది. విడాకుల మాటకు వస్తే, వలసపాలన తొలి దశాబ్దాల్లోనే భర్తలను వదిలించుకోవడానికి కోర్టులకెక్కే స్త్రీలు ఎంతమంది అయ్యారంటే, పాలకులకూ కుటుంబాల పెద్దలకూ అది పెద్ద బెంగ అయింది. చరిత్రకారిణి జూడిత్ బైఫీల్డ్ అబెయోకుటా విషయంలో దీని గురించి వివరంగా రాసింది. తీసుకున్న ఓలిని తిరిగి చెల్లిస్తే బంధం తెగేది. ఈనాటికీ ఇబాదాన్ నగరంలో మాపో కొండ మీది కస్టమరీ కోర్టులో, అంటే ఆచారాల ప్రకారం తీర్పు చెప్పే కోర్టులో, నడిచే విడాకుల వ్యాజ్యాలను నైజీరియా పత్రికలు తరచుగా ప్రచురిస్తుంటాయి. చిన్న వ్యాపారాలు చేసుకునే స్త్రీలు అక్కడికి వచ్చి, కొడుతున్నాడనో, పిల్లల ఫీజు కట్టడం లేదనో, చెప్పకుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడనో, ఇక వద్దు పొమ్మనో న్యాయమూర్తి ముందు స్పష్టంగా చెబుతారు.

అంటే తలుపు తెరిచే ఉంది. సినిమాల్లో ఓర్పు పాఠం అంత బిగ్గరగా వినిపించడానికి కారణం ఇదేనని నా నమ్మకం. వెళ్ళడానికి దారే లేని చోట ఉండిపొమ్మని పాటలు పాడనక్కర్లేదు. వెళ్ళగలిగిన స్త్రీని ఆపడానికే అంత వాద్యం, అంత కన్నీరు, అంత దైవవాక్యం కావాలి. కాపురం వదిలి పుట్టింటికి వచ్చిన ఆడదాన్ని ఆ సమాజం ‘డాలెమోసు’ అని వేలెత్తి చూపుతుంది. సినిమా ఆ వేలును చాలాసార్లు తన చేతికి తగిలించుకుంటుంది. వదిలి వెళ్ళిన స్త్రీ పాత్ర తాగుబోతు స్నేహితురాలిగానో, కథానాయికకు చెడు సలహాలు ఇచ్చే పొరుగింటి మనిషిగానో కనిపిస్తుంది. మాపో కోర్టు మెట్లెక్కే మామూలు స్త్రీ, మరునాడు పొద్దున్నే యథాప్రకారం తన దుకాణం తెరుచుకునే స్త్రీ, ఈ సినిమాల్లో నాయికగా దాదాపు కనపడదు.

మన తెలుగువాళ్ళకు ఇది పూర్తిగా పరాయి సంగతేమీ కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం రాక ముందు కూడా తెలుగునాట ఎన్నో కులాల్లో కులపెద్దల ఎదుట బంధం తెంచుకోవడం, మారుమనువు వెళ్ళడం ఆచారంగా ఉండేవి. మన పాత సినిమా ఆ స్త్రీలను పక్కనపెట్టి, పెళ్ళి అంటే చచ్చేదాకా తెగని ముడి అనుకునే ఇళ్ళ నీతినే అందరి నీతిగా చూపించింది. మర్యాదస్తుల ఇంటి కథ అనిపించుకోవాలన్న తాపత్రయం అక్కడా ఇక్కడా ఒకటే.

కేవలం కాలక్షేపానికి చూసే సినిమా గురించి ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. 2022 ఏప్రిల్‌లో సువార్త గాయని ఒసినాచి న్వాచుక్వు మరణించింది. ఆమె ఇగ్బో స్త్రీ, యోరుబా కాదు. అయినా ఆ మరణం నైజీరియా మొత్తాన్నీ కుదిపింది. భర్త ఆమెను హింసించేవాడన్న ఆరోపణలు బయటికి వచ్చాయి, పోలీసులు అతన్ని అరెస్టు చేశారు, 2025లో న్యాయస్థానం అతన్ని దోషిగా తేల్చింది. ఆ రోజుల్లో చర్చిల్లో, రేడియోల్లో, సామాజిక మాధ్యమాల్లో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఓర్చుకో, ప్రార్థించు అని మనం ఇన్నాళ్ళూ ఎవరికి, ఎందుకు చెబుతూ వచ్చాం? లాగోస్ రాష్ట్రంలో 2007 నుంచే గృహహింస నిరోధక చట్టం ఉంది. 2015లో వ్యక్తులపై హింసను నిషేధిస్తూ కేంద్ర చట్టం వచ్చింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, దెబ్బ తిన్న స్త్రీ మనసులో ముందు మోగేది చట్టం సెక్షను కాదు, చిన్నప్పటి నుంచి విన్న కథ. అందుకే కథ మీద నాకు ఇంత పట్టింపు.

వేరే దారి సాధ్యమేనని చూపిన దర్శకుడు ఉన్నాడు. తుండే కెలాని 2001లో తీసిన ‘థండర్‌బోల్ట్: మగున్’ ఎక్కువగా ఇంగ్లీషులో నడిచినా, దాని ఊపిరి యోరుబా లోకమే. చాడీలు విని భార్యను అనుమానించే భర్త, ఆమెను చేరిన పరాయి మగవాడి ప్రాణం తీసే ప్రయోగం, ఆ ప్రయోగం వల్ల ఆమెకే ముంచుకొచ్చే ప్రాణాపాయం అందులో వస్తువు. అక్కడ ఎవరూ ఆమెను ఓర్చుకోమనరు. ఆమెను బతికించాలి, అంతే. ఆపదకు మూలం భర్త తొందరపాటు. నాలుగు రోజులు ఆగి భార్యను నిజం అడిగే నిదానం అతనికి ఉండి ఉంటే ఆ కథే లేదు. ఓర్పు లేని మగవాడు ఇంటికి ఎంత ప్రమాదమో చెప్పిన సినిమాగా నేను దాన్ని గుర్తు పెట్టుకున్నాను.

కెలానికి ఆ దృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు గాని, దానికి మూలం యోరుబా వాఙ్మయంలోనే దొరుకుతుంది. ఇఫా జోస్య సంప్రదాయంలో తరతరాలుగా వల్లె వేస్తూ వచ్చిన పద్యాల్లో, జ్ఞానానికి దేవుడైన ఒరున్మిలా కాపురం కథ ఒకటి ఉంది. వాండె అబింబొలా వంటి పండితులు దాన్ని సేకరించి ప్రచురించారు. ఒరున్మిలా భార్య పేరు ఇవా. ఆమె సాక్షాత్తూ సత్ప్రవర్తన. ఆమె తండ్రి సూరు, అంటే ఓర్పు. సృష్టికర్త ఒలోడుమరెకు అతను తొలి సంతానం. ఒరున్మిలా భార్యను ప్రతి పనికీ సాధించేవాడు. ఆమె ఏం చేసినా తప్పే, చెయ్యకపోయినా తప్పే. ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆమె లేకపోయేసరికి అతని పరువూ పోయింది, ఇంటికి వచ్చేవాళ్ళూ మానేశారు. అప్పుడు ఆ మహాజ్ఞాని ఇఫా పురోహితుల ఇళ్ళకు ఒక్కొక్కదానికీ వెళ్ళి, వాకిట నిలబడి, నా ఇవాను చూశారా అని పాడుతూ తిరిగాడు. ఈ కథకు పాఠాంతరాలు ఉన్నాయి. ఒకదానిలో ఆమె అతన్ని కోప్పడదు, శపించదు, కానీ భూమి మీది కాపురానికి మాత్రం తిరిగి రానంటుంది. నువ్వు వెళ్ళి నీ నడవడిక సరిచూసుకుని బతుకు, అలా బతికితే నేను నీతో ఉన్నట్టే అని చెప్పి పంపుతుంది.

ఈ కథలో ఓర్పు నేర్చుకోవలసినవాడు ఎవరో పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఓర్పు కూతురిని చేసుకున్నవాడికి మామగారి గుణం ఉండాలి. ఇళ్ళు తిరిగేది అతను, అడిగేది అతను, కాదనిపించుకునేది అతను. ఆమె క్షమించడం వేరు, తిరిగి రావడం వేరు అని ఆ పద్యం వందల ఏళ్ళ కిందటే విడదీసి పెట్టింది. ఈనాటి సినిమా ఆ రెంటినీ కలిపేసి, క్షమించిన స్త్రీ తిరిగి వచ్చి తీరాలన్నట్టు ముగిస్తుంది. బంధువులంతా మూగి, పెద్దలంతా బతిమాలి, ఆమె కళ్ళు తుడుచుకుని తల ఊపగానే పాట మొదలై పేర్లు పడతాయి. ఆ మొక్కిన మనిషి మరునాడు పొద్దున ఎలా ఉంటాడో మనకు తెలియదు. అతను మారాడనడానికి ఒక్క సాష్టాంగం తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

ఇటీవల చూసిన ఒకటి రెండు సినిమాల్లో భార్య క్షమాపణ అందుకుని, భర్తను లేవనెత్తి, తన కారులో తన ఇంటికి వెళ్ళిపోవడం గమనించాను. ఆ ముగింపులు నాకు నచ్చాయి, కానీ నా కోరిక అంతకన్నా పెద్దది. రెండో భాగం భర్త కథ కావాలి. ఒరున్మిలా లాగా అతను ఇల్లిల్లూ తిరగాలి, ఆస్పత్రి వరండాలో తన పరీక్ష ఫలితం కోసం కూర్చోవాలి, తల్లికి ఎదురు చెప్పడం నేర్చుకోవాలి, పళ్ళెం తానే తెచ్చి తానే కడగాలి, సినిమా అతన్ని అలా రెండు గంటలు నడిపించాలి. ఇన్నేళ్ళూ భార్య ఓర్పు మీద ఉత్కంఠ నిలబెట్టిన రచయితలకు భర్త ఓర్పు మీద ఉత్కంఠ నిలబెట్టడం చేతకాకపోదు. ఆమె అతనికి తలుపు తీస్తుందా లేదా అన్నది ఆమె ఇష్టానికే వదిలేయవచ్చు.